తాడు కింది చర్మం

నేను రిటైరయ్యాక నా కుర్చీలోకి కొత్తగా వచ్చిన అమ్మాయి పేరు మౌనిక. పోయిన నెల ఫోన్ చేసి, "మేడం, మన పేషెంటు కార్డు మీద మొదటి ప్రశ్న 'తాడు జరిగిందా' అని ఉంది. అలర్జీ ఉందా, మందులేం వాడుతున్నారు, ఇవన్నీ దాని తరవాతే. ఎందుకు?" అని అడిగింది. ఫోనులో చెప్పేస్తే రెండు నిమిషాల్లో అయిపోయేది. కానీ రెండు నిమిషాల్లో చెబితే అది రూలు అవుతుంది, రూలును జనం త్వరగా మర్చిపోతారు. అందుకని యాప్రాల్‌లో మా వరండాలో కూర్చుని ఇది రాస్తున్నాను. ఈ పనిలోకి వచ్చే మిగతా పిల్లలకూ పనికొస్తే సంతోషం.

సికింద్రాబాద్‌లో ఒక ఆసుపత్రి చర్మవ్యాధుల విభాగంలో నేను లైటు గది చూసుకునేదాన్ని. బొల్లి, సోరియాసిస్ ఉన్నవాళ్లను నిలువెత్తు బీరువా లాంటి పెట్టెలో నిలబెట్టి, చుట్టూ ఉన్న ట్యూబులు వెలిగిస్తాం. ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాల్లోంచి ఒక చిన్న ముక్కను మాత్రమే ఆ ట్యూబులు ఇస్తాయి. వారానికి రెండు మూడుసార్లు రావాలి. సెకన్లతో మొదలుపెట్టి, మెల్లగా పెంచుకుంటూ నిమిషాల దాకా పోతాం. నెలల తరబడి సాగే పని. నా పేరు సరస్వతి అని రోగుల్లో సగం మందికి తెలియదు. అందరికీ లైటమ్మనే.

"స్విచ్చి వేయడం, తీయడం. దీనికో ఉద్యోగం" అని మా ఆయన ఆటపట్టించేవారు. నిజమే, స్విచ్చి వేయడానికి ఎంతసేపు? కానీ వెలుతురు ఎక్కడ పడాలో డాక్టరు రాస్తారు. ఎక్కడ పడకూడదో చూసుకునేది మనం. నా ఉద్యోగంలో ముప్పాతిక వంతు కప్పడమే. కళ్లకు అద్దాలు, ముఖానికి ముసుగు, మర్మావయవాలకు గుడ్డ. రోగం ఉన్న చర్మం గురించి అందరూ మాట్లాడతారు. బాగున్న చర్మం గురించి మాట్లాడేవాళ్లు ఉండరు, దానికి డాక్టరు చీటీ కూడా ఉండదు.

చారల నిక్కరు

బొల్లారం నుంచి ఒక గుమాస్తాగారు సోరియాసిస్‌కు వచ్చేవారు. మర్యాదస్తుడు. మోకాళ్ల దాకా దిగే చారల నిక్కరుతో పెట్టెలో నిలబడేవారు. మూడు నెలలు అదే నిక్కరు. ఒకరోజు అది ఆరలేదట, పొట్టి డ్రాయరుతో వచ్చారు. నేను ఎప్పటిలాగే ముసుగు, అద్దాలు సరిచూసి, ఆ రోజు ఇవ్వాల్సిన మోతాదు పెట్టి తలుపు వేశాను.

మిగతా ఒళ్లంతా మూడు నెలలుగా కొంచెం కొంచెం అలవాటుపడి, నల్లబడి, మందంగా తయారైంది. తొడల పైభాగం మాత్రం ఒక్కరోజూ వెలుతురు చూడలేదు. అలవాటుపడ్డ చర్మానికి ఇచ్చే మోతాదు లేత చర్మం మీద పడితే ఏమవుతుందో మర్నాడు ఆయనే ఫోన్ చేసి చెప్పారు. "ఆఫీసులో కూర్చోలేకపోతున్నానండీ. నిలబడే ఫైళ్లు చూస్తున్నాను. మా సూపరింటెండెంటు నా శ్రద్ధకు మెచ్చుకుంటున్నాడు."

ఆయన నవ్వారు కదా అని నేనూ నవ్వాను. మా పెద్దసారు, అంటే విభాగం అధిపతి, నవ్వలేదు. "మొదటి రోజు ఏది కప్పామో చివరి రోజు దాకా అదే కప్పాలి. మధ్యలో నీడ జరిగితే తప్పు మనది" అన్నారు. నేను వెంటనే అట్టముక్క మీద 'ప్రతిసారీ అవే బట్టలు వేసుకుని రండి' అని రాసి తలుపుకు అంటించాను. పాఠం నేర్చుకున్నాననే అనుకున్నాను. నేర్చుకున్నది సగమే అని తరవాత తెలిసింది.

గుడ్డల పిచ్చి

ట్యూబుల బలం కొలవడానికి మా దగ్గర అరచేతిలో పట్టే మీటరు ఒకటి ఉండేది. ఒక మధ్యాహ్నం రోగులెవరూ లేరు. ఊరికే కూర్చోలేని మనిషిని. మేం కప్పడానికి వాడే ఆసుపత్రి పచ్చగుడ్డను మీటరు మీద వేసి ట్యూబు వెలిగించాను. అంకె సున్నాకు పడిపోవాలి. పడలేదు. ఉతికి ఉతికి ఆ గుడ్డ పలచబడిపోయింది, వెలుతురు దర్జాగా లోపలికి పోతోంది. ఇన్నాళ్లూ కప్పామనుకున్నది కప్పినట్టే కాదు.

ఆ రోజు నుంచి నాకు పిచ్చి పట్టింది. ఇంట్లో ఉన్న ప్రతి గుడ్డా ఆసుపత్రికి ప్రయాణం కట్టింది. జాకెట్టు ముక్కలు, తువ్వాళ్లు, చున్నీలు, దిండు గలీబులు. మా ఆయన పంచె కోసం వెతుకుతుంటే "అది పరీక్షకు పోయింది" అన్నాను. "పాసయిందా?" అన్నారు. "ఫెయిలు" అన్నాను. తెల్లటి పలచని నూలుగుడ్డ వెలుతురును దాదాపు ఆపనే ఆపదు. తడిస్తే ఇంకా అన్యాయం. చెమట పట్టిన మనిషి మీద అదే గుడ్డ వేరే గుడ్డ అవుతుంది. మందంగా, దగ్గరగా నేసిన నల్ల నూలుగుడ్డ ఒక్కటే మీటరు నోరు మూయించింది. మీటరు లేని చోట పనిచేసే పిల్లలు గుడ్డను కిటికీకి ఎత్తి పట్టుకుని చూడండి. చుక్కలు చుక్కలుగా వెలుగు కనిపిస్తే ఆ గుడ్డను గది తుడవడానికి వాడండి.

పెద్దసారు నా పట్టిక చూసి, "ఈ పిచ్చి మంచిదే" అన్నారు. నల్లగుడ్డతో కొత్త ముసుగులు కుట్టించారు. తల మీద నుంచి గడ్డం దాకా వచ్చేవి. గడ్డం దాకా అన్న మాట గుర్తుంచుకోండి.

యాదమ్మ చేతులు

బన్సీలాల్‌పేట్‌లో మెట్లబావికి అవతలి సందులో యాదమ్మ జొన్నరొట్టెలు చేసి అమ్మేది. అప్పటికి నలభై ఏళ్లు ఉంటాయేమో. భర్త ఆటో నడుపుతాడు. అత్త లచ్చమ్మ పొయ్యి దగ్గర కూర్చుని మంట చూసుకుంటుంది. యాదమ్మకు చేతుల మీద, మోచేతుల దగ్గర, ఛాతీ మీద, పొట్ట మీద బొల్లి మచ్చలు వచ్చాయి.

"తక్లీఫ్ ఏం లేదు మేడం. నొస్తలేవు, దురద లేదు" అంది మొదటి రోజు. "గని రొట్టె కొట్టేటప్పుడు జనం నా చేతులే జూస్తరు. పిండి ఉన్నంతసేపు ఎవలకు తెల్వదు. కడుక్కున్ననంటే పరేషాన్. మళ్లొస్త అంటరు, పక్క బండికాడికి పోతరు."

"ఇది అంటుకునే జబ్బు కాదమ్మా" అన్నాను.

"నాకు చెప్తే ఏం ఫాయిదా? గిరాకికి చెప్పాలె."

నేను నిజమే చెప్పాను. మోచేతులు, ఛాతీ బాగా రంగు తిరుగుతాయి. చేతుల పైభాగం నిదానం. వేళ్ల కొసలు చాలామందికి రానే రావు. "ఒచ్చినకాడికే" అని తల ఊపి లోపలికి నడిచింది.

గాజులు తీయించాను. మెట్టెలు ఉన్నాయని కార్డు మీద రాసుకున్నాను. మెడలో లావుపాటి పసుపుతాడు, రెండు పుస్తెలు ఉన్నాయి. నేను నోరు తెరవకముందే, "గిది తియ్య" అంది.

"అక్కర్లేదు, ఉండనీ" అన్నాను. ఆ మాట అన్నానే గానీ తాడు వైపు చూడలేదు. మాది పాలకొండ వైపు. స్నానం చేసి పైట సర్దుకుంటూ మా అమ్మ రోజూ తాడు కళ్లకద్దుకునేది. చిన్నప్పుడు ఒకసారి దాన్ని పట్టుకుని లాగితే, "ఏటే, ఆటవస్తువనుకున్నావేటి?" అని చెయ్యి మీద కొట్టింది. నిక్కరు నా లెక్కలో బట్ట. గాజు నగ. తాడు ఈ రెండూ కాదు. అది గౌరవించాల్సింది, చూపు పక్కకు తిప్పుకోవాల్సింది. అందుకే కార్డు మీదికి ఎక్కలేదు. నా తప్పు నిర్లక్ష్యం వల్ల జరిగిందనుకుంటే సుఖంగా ఉండేది. మర్యాద వల్ల జరిగింది.

నాలుగు నెలలయ్యేసరికి యాదమ్మ మోచేతుల మీద నువ్వులు చల్లినట్టు గోధుమరంగు చుక్కలు మొలిచాయి. తరవాత చేతుల పైభాగం మీద కూడా. వచ్చిన ప్రతిసారీ ఇద్దరం తలలు వంచి లెక్కపెట్టేవాళ్లం. "గీ చెయ్యి మీద మూడు కొత్తయి" అని తనే ముందు చెప్పేది. ఆమె ఎంత సంబరపడేదో నేనూ అంతే సంబరపడేదాన్ని.

శ్రావణం

శ్రావణమాసంలో ఒక సోమవారం వచ్చింది. అంతకుముందు శుక్రవారం పాత తాడు పీచులు లేచిందని పూజ చేసుకుని కొత్త తాడు కట్టుకుంది. కొత్తది కొంచెం పొట్టి. మెడ మీద రెండు వేళ్లు పైకి ఎక్కింది. ఇదంతా తరవాత తెలిసిన సంగతి. ఆ రోజు నేను ముసుగు చూశాను, అద్దాలు చూశాను, చుక్కలు లెక్కపెట్టాను. మోతాదు పెంచాల్సిన రోజు కాబట్టి పెంచాను. తలుపు వేశాను.

మర్నాడు తన వంతు కాదు. అయినా వచ్చింది, వెంట అత్త. యాదమ్మ పైట కొంచెం తీసింది. పాత తాడు ఉన్నచోట మెడ చుట్టూ ఎర్రటి గీత. మెడ వెనక బొబ్బలు. కొత్త తాడు దానికి పైన, ఏమీ ఎరగనట్టు ఉంది.

లచ్చమ్మ కోపంగా మాట్లాడి ఉంటే నేను తట్టుకునేదాన్ని. ఆమె భయపడింది. "పుస్తె కాడ కాలింది మేడం. ఆడిదానికి గాడ కాలొచ్చునా? నా కొడుకు ఆటో నడుపుతడు. దినమంత రోడ్డు మీదనే ఉంటడు."

"నేనింక రాను లైటమ్మా" అంది యాదమ్మ. తన చేతులు చూసుకుంటూ అంది.

వాళ్ల భయం అది. నాకు ఇంకో భయం ఉంది. బొల్లి ఉన్నవాళ్లకు బాగున్న చర్మం కాలినా, గాయపడినా, మానే చోట కొత్త తెల్లమచ్చ రావచ్చు. ఒక్క మచ్చ లేని మెడ మీద, తాడు ఆకారంలో తెల్లగీత మిగిలిపోవచ్చు. ఆ మాట అప్పుడే చెప్పాలి. మందు రాయించి, ఎలా పూయాలో చెప్పి పంపేశాను తప్ప ఆ మాట చెప్పలేదు.

"నువ్వు అడిగావా?"

కార్డు మీద నేను ఇలా రాశాను: రోగి ముందుగా చెప్పకుండా తాడు మార్చుకున్నారు. అబద్ధం ఒక్క ముక్క లేదు. పెద్దసారు చదివి నన్ను పిలిచారు.

"నువ్వు అడిగావా?"

"బట్టల గురించి రోజూ అడుగుతాను సార్."

"తాడు గురించి?"

"లేదు సార్."

"ఇంట్లో పూజ చేసుకుని కొత్త తాడు కట్టుకున్న సంగతి ఆసుపత్రికొచ్చి చెప్పాలని ఏ ఆడమనిషికి తోస్తుందమ్మా? తోచాల్సింది నీకు. నీ మెడలోనూ ఉంది కదా." ఆయనే మళ్లీ, "ఆమె మెడ మీద మచ్చ లేదు. మరి మెడకు ఇన్నాళ్లూ వెలుతురు ఎందుకిచ్చాం? ముసుగు గడ్డం దగ్గరే ఎందుకు ఆగింది? అది నేను అడగాల్సిన ప్రశ్న" అన్నారు. నా వాక్యం కొట్టేసి, 'మేము మెడ కప్పలేదు' అని రాసి సంతకం పెట్టారు.

నేను చాలామంది పెద్దల కింద పనిచేశాను. అరిచేవాళ్లు, అరిచి మర్చిపోయేవాళ్లు, అరవకుండా ఫైలులో రాసేవాళ్లు. తప్పులో తన వాటా తనే తీసుకుని మిగిలింది నాకిచ్చిన మనిషి ఈయన ఒక్కరే. మీకు అలాంటివాళ్లు దొరికితే వాళ్ల దగ్గర ఇంకో ఏడాది ఎక్కువ ఉండండి.

కడియం

నాలుగో రోజు సాయంత్రం బన్సీలాల్‌పేట్ వెళ్లాను. యాదమ్మ మెడకు తువ్వాలు చుట్టుకుని రొట్టె కొడుతోంది. నన్ను చూసి తల దించుకుంది. నేను లచ్చమ్మ పక్కన ఎత్తుపీట మీద కూర్చున్నాను.

"తప్పు నాదమ్మా. మీ కోడలిది కాదు, తాడుదీ కాదు" అన్నాను. ఆవిడ పొయ్యిలో పుల్ల తోసింది. నమ్మలేదని తెలుస్తూనే ఉంది. చేతి గడియారం విప్పి మణికట్టు చూపించాను. పట్టీ ఉన్న మేర చర్మం తెల్లగా, లేతగా ఉంది.

"గిదేంది?" అంది.

"నీడ. ఏళ్లుగా ఎండ తగలని చోటు. ఈ గడియారం రెండు వేళ్లు పైకి జరిపి, నేను మా పెట్టెలో నిలబడితే సరిగ్గా ఇక్కడే కాలుతుంది. కాలితే అది కీడని అంటామా?"

ముసలావిడ కాసేపు నా మణికట్టు చూసింది. తరవాత చీర కుచ్చిళ్లు కొంచెం పైకి లాగి, కాలి వెండి కడియాన్ని కష్టం మీద పైకి జరిపింది. దాని కింద చర్మం మిగతా కాలికంటే బాగా పలచటి రంగులో ఉంది. బొటనవేలితో నొక్కి చూసుకుంది.

"గిదీ గంతే గదా?"

"అంతే."

"పెండ్లయినకాడికెల్లి ఎండ సూడలే గీ తోలు." కడియం కిందికి వదిలి, కోడలి వైపు తిరిగింది. "కీడు గాదే యాదీ. తాడు జరిగింది, ఎండ గొట్టింది. గంతే."

అక్కడితో లేచి వచ్చేయొచ్చు. కానీ చెప్పాల్సిన రెండో మాట ఇంకా మిగిలే ఉంది. "ఇంకొకటి చెప్పాలి" అన్నాను. "ఆ గీత మానాక తెల్లబడొచ్చు."

యాదమ్మ చేతులు ఆగాయి. మొదటిసారి నా ముఖం చూసింది. "ఎంత?"

"తెలియదు."

"మరి గా దినమే ఎందుకు చెప్పలే?"

"భయపడ్డాను యాదమ్మా."

కోపంతో పిండి ముద్ద గట్టిగా చరిచింది. రొట్టె పెనం మీద వేసింది, తిప్పింది, కాల్చింది. ఆకులో పెట్టి, పక్కన కారం వేసి నా ముందుకు తోసింది. "తినుండ్రి" అంది.

ఇవాళ ఒంటి మీద ఏం మారింది?

గాయం మానాక యాదమ్మ తిరిగి వచ్చింది. మోతాదు బాగా తగ్గించి మళ్లీ షురూ చేశాం. అప్పటికి నేను మా ఇంటి కుట్టుమిషన్ మీద నల్ల ముసుగుకు అంచు కలిపి కుట్టాను. అది మెడంతా కప్పి, భుజాల ఎముకల దాకా దిగుతుంది. తాడు తీయక్కర్లేదు. పుస్తెలతో సహా పైకి మడిచి దాని లోపలికి దోపుకుంటే చాలు, ఎటు జరిగినా నీడలోనే ఉంటుంది. మీటరు పెట్టి చూశాను, సున్నా. మొదట తొడుక్కున్నది యాదమ్మే. అద్దంలో చూసుకుని, "దొంగ లెక్క కనవడుతున్న" అని నవ్వింది. ఆ నవ్వు విని నాకు ప్రాణం లేచివచ్చింది.

కార్డు కూడా మార్చాను. అన్నిటికంటే పైన 'తాడు జరిగిందా' అని రాశాను. మనిషి బొమ్మ ముందు నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి గీసి, కప్పిన మేర పెన్సిలుతో నల్లగా నింపడం మొదలుపెట్టాను. ప్రతిసారీ పాత బొమ్మ చూసిన తర్వాతే తలుపు వేయడం. ఇంకోటి గమనించాను. "ఏమైనా మార్పు ఉందా?" అంటే జనం లేదనే చెబుతారు. "ఇవాళ ఒంటి మీద ఏం మారింది?" అంటే ఆలోచిస్తారు. ఎన్ని బయటపడ్డాయో. కొత్త మొలతాడు. బోనాలకు కట్టిన తాయెత్తు. వేసిన మాల, తీసిన మాల. గుండు కొట్టించుకున్న తల. మేనమామ పెట్టిన వంకీ. ఇవేవీ ఎవరి దృష్టిలోనూ వైద్యానికి సంబంధించిన వార్తలు కావు. మన గదిలో మాత్రం ప్రతిదీ ఒక నీడ. సిగ్గుపడకుండా అడగండి. గౌరవం అంటే చూడకుండా వదిలేయడం కాదని నాకు ఒక మనిషి మెడ కాలాక తెలిసింది.

ఆ గీత చాలా మేర మామూలు రంగులోకే మానింది. మెడ వెనక, బొబ్బలు లేచినచోట, రెండు అంగుళాలు తెల్లబడింది. ముసుగులో అంత మేర కిటికీ కత్తిరించి దానికీ వెలుతురు ఇచ్చాం. కొన్ని చుక్కలు మొలిచాయి, పూర్తిగా పూడలేదు.

మౌనిక ఫోన్ చేసిన మర్నాడు సాయంత్రం నేను రొట్టెల బండి దగ్గరికి వెళ్లాను. లచ్చమ్మ ఇప్పుడు లేదు. యాదమ్మ మోచేతులు పూర్తిగా రంగు తిరిగాయి, చేతుల పైభాగం చాలావరకు. వేళ్ల కొసలు అప్పటిలాగే తెల్లగా ఉన్నాయి. పిండి కడుక్కుని, ఆ వేళ్లతోనే అందరి ముందూ రొట్టె చుట్టి ఇస్తోంది. ఇద్దరు ముగ్గురు తమ వంతు కోసం నిలబడి ఉన్నారు. కొత్త మచ్చ ఒకటి వచ్చిందని మళ్లీ ఆసుపత్రికి పోతోందట.

"కొత్త అమ్మాయి బాగా చేస్తోందా?" అని అడిగాను.

"మంచిగనే జేస్తది. పోంగనే మెడ సూస్తది. తాడు జరిగిందా అమ్మా అంటది. ఎవలు నేర్పిన్రు బిడ్డా అంటే, కార్డు మీదుంది అన్నది." రొట్టె తిప్పింది. "గా మాట నా మెడ మీదికెల్లే ఒచ్చిందని నేను చెప్పలే."

"ఎందుకు?"

"చెప్తే మీ పేరు సుత చెప్పాలె గదా లైటమ్మా."

పెనం మీదికి వంగినప్పుడు పైట జారి, మెడ వెనక తెల్లగీత కనిపించింది. ఇన్నేళ్లూ నన్ను తన వెనక దాచుకుని తిరిగింది ఈ మనిషి. నాకు కళ్లు మండాయి. పొగ వల్ల కాదు.

"చెప్పు యాదమ్మా. నా పేరు కూడా చెప్పు" అన్నాను.

సరేనని తల ఊపింది గానీ, ఆమె చెప్పదని నాకు తెలుసు. అందుకని మౌనికా, నేనే రాశాను.